కడిగిన కంచం

నగరమంతా సాఫ్ట్‌వేర్ కొలువులకు పరుగెత్తుతున్న రోజుల్లో, నేనూ ఒకటి చేస్తూ, ఆదివారాలు నేరేడ్‌మెట్‌లో నాటకం రిహార్సల్స్‌కు వెళ్లేదాన్ని. ఆస్తి పంపకాల్లో గొడవపడి వెళ్లిపోయిన కొడుకు కోసం రోజూ కంచం పెట్టే తల్లి వేషం నాది. ఆ కొడుకు చివరిదాకా రాడు.

మా డైరెక్టర్ గారు, మోండా మార్కెట్‌లో కొన్న ఆ స్టీలు కంచాన్ని రిహార్సల్‌కు ముందు తనే కడిగి, కండువాతో తుడిచేవారు.

"అది ప్రతీకే కదా సార్, ఎవరూ తినరు. ఎందుకు కడగడం?" అన్నానొకసారి.

"ప్రతీక జూసెటోళ్లకమ్మా. నీకు కంచమే. వచ్చెటోనికి దుమ్ము కంచంల పెడ్తవా?"

"కొడుకు రాడు కదండీ!"

"ఆ సంగతి నాకెరుక, నీకెరుక. తల్లికి తెల్వది గద బిడ్డా!"

అప్పటిదాకా ఆ కంచాన్ని చూసి ఏడ్చేదాన్ని. ఆ రోజు నుంచి గుమ్మం వైపు చూడసాగాను.

అంతకు ముందు ఏడాది నాన్న తద్దినం నాడు నాతో మాటామాటా పెరిగి, మా అన్నయ్య మా గడప తొక్కడం మానేశాడు. ప్రదర్శన అయిన మరుసటి ఆదివారం కాప్రాలో ఉన్న అతనికి ఫోన్ చేశాను.

"ఏటే, ఇన్నాళ్లకి?"

"కంచం కడిగి పెట్టాను, రా."

వచ్చాడు. వడ్డిస్తుంటే, "తళతళలాడిపోతోందేటే!" అన్నాడు.

"మా డైరెక్టర్ గారి చలవ" అన్నాను.