మూడు నిలువుల లోతున వినిపించిన పిలుపు

సాల్మన్‌తో మాట్లాడాలంటే అతనికి ఎడమ పక్కన కూర్చోవాలి. కుడి చెవి వినపడదు. మా రేవులో టీ కొట్టు పోలమ్మ కూడా చుట్టూ తిరిగి వచ్చి ఎడమ వైపు నుంచే గ్లాసు అందిస్తుంది. అలా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. దేవుడు మనుషుల్లో పెట్టిన మంచి నాకు ఇలాంటి చిన్న చోట్లే కనబడుతూ ఉంటుంది.

కొత్తపేటకు దగ్గర్లో గోదావరి పాయలో ఇరవై రెండేళ్లు ఇసుక తీశాడు సాల్మన్. పడవను పాయ మధ్యలో నిలిపి, పొడవాటి వెదురు గెడను అడుగుదాకా దించి, దాన్ని పట్టుకుని మునిగేవాడు. చేతిలో ఇనుప బకెట్, దానికి తాడు. అడుగున ఇసుక నింపి తాడు గుంజితే, పడవ మీదున్న బుచ్చిరాజు బకెట్‌ను పైకి లాగేవాడు. ఇద్దరికీ వరసలేమీ లేవు గాని, ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. మధ్యాహ్నం ఒకే క్యారేజీలో తినేవారు.

ఇసుక పడవల మీద ఒక కట్టుబాటుంది. నీళ్లలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవరు. పిలిస్తే నది ఆ పేరు నేర్చుకుంటుందని పెద్దల మాట. పైకి రమ్మనాలంటే ఇనుప ముక్కతో గెడ మీద మూడు దెబ్బలు కొడతారు. ఆ చప్పుడు నీళ్లలో చెవి పక్కనే కొట్టినట్టు వినిపిస్తుందట. అది వింటే ఉన్న పని ఉన్నట్టు వదిలేసి వచ్చేయాలి.

కిందటేడు దసరా వెళ్లాక సాల్మన్‌ కుడి చెవిలో చీము కారడం మొదలైంది. అమలాపురంలో డాక్టరుగారు చూసి, లోపలి పొరకు చిల్లు పడిందనీ, చెవిలోకి చుక్క నీరు పోకూడదనీ చెప్పారు. కూతురు శాంతి అమలాపురంలోనే ఒక బడిలో పాఠాలు చెబుతుంది. తండ్రి కోసం ఈతగాళ్లు చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు కొని తెచ్చింది. పొట్లం మీద ఈత కొడుతున్న మనిషి బొమ్మ ఉంది.

"నీళ్లు పోకపోతే చాలన్నారు కదమ్మా. ఇయ్యి పెట్టుకుని పనికెల్లిపోతాను" అన్నాడు సాల్మన్.

శాంతికీ అది సబబుగానే తోచింది. మర్నాడు పొద్దున తనే వాటిని వేళ్లతో నలిపి, రెండు చెవుల్లోనూ సర్ది, తండ్రి తల నిమిరి పంపించింది.

పడవ మీద బుచ్చిరాజు చూసి నవ్వాడు. "ఏంటి బావా, బిరడాలు కొట్టించేసేవు? అత్తరు సీసావా ఏంటి?"

"ఆయ్! నీ సోది ఇనపడకుండా ఉంటాదని మా అమ్మాయి పెట్టింది."

ఒడ్డు దగ్గర లోతు తక్కువ. అక్కడ రెండు మునకలూ బాగానే సాగాయి. తరవాత పడవను మూడు నిలువుల లోతుకు తీసుకెళ్లారు. మూడో మునకలో, సగం దిగేసరికే ఎవరో బొటనవేళ్లతో చెవుల్ని లోపలికి నొక్కుతున్నట్టు అనిపించిందట. ఎప్పటిలాగే ముక్కు మూసి గాలి ఊదాడు. నొప్పి తగ్గలేదు. అయినా అడుగుకు చేరి బకెట్ కింద పెట్టాడు. అప్పుడు కుడి చెవిలో టప్పున ఏదో తెగింది. చల్లటి నీరు తలలోకి దూరినట్టయింది. ఆ వెంటనే నొప్పి పోయింది. నది మొత్తం ఒక్కసారి బోర్లా తిరిగింది. తరవాత చప్పుడన్నదే లేదు.

అప్పుడు వినిపించింది పిలుపు.

పైన బుచ్చిరాజు తాడు కదలిక కోసం చూస్తున్నాడు. కదల్లేదు. గెడ మీద మూడు దెబ్బలు కొట్టాడు. మళ్లీ మూడు కొట్టాడు. నీళ్లు నూనెలా నిలిచి ఉన్నాయి. అంతలో గెడకు పది బారల దూరంలో, మనిషి ఉండకూడని వైపు, బుడగలు లేచాయి. బుచ్చిరాజు చొక్కా కూడా విప్పకుండా అటు దూకేశాడు.

సాల్మన్ అడుగున బోర్లా ఉన్నాడు. మోచేతుల దాకా చేతులు ఇసుకలో దింపి, తలుపు తోసినట్టు నేలను తోస్తున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. బుచ్చిరాజు నడుం పట్టుకుంటే కాలితో తన్నాడు. జుట్టు పట్టి పైకి లాక్కురావలసి వచ్చింది.

పడవ మీద వాంతి చేసుకుని, చెక్కలను రెండు చేతులా కరుచుకుని, సాల్మన్ అన్న మొదటి మాట ఇది: "పైకొచ్చేస్తన్నాను కదా బావా, ఎందుకు కిందకి లాగేసేవు?"

బుచ్చిరాజు తడిచొక్కా విప్పి పిండి, సాల్మన్ చెవి దగ్గర కారుతున్న నెత్తురు తుడిచాడు.

కుడి చెవిలో లోతుగా దిగిపోయిన బిరడాను డాక్టరుగారు పట్టకారుతో తీశారు. "ఇయ్యి స్నానానికండి. చెవి బాగున్నోళ్లకి పైపైన ఈతకి కూడా పనికొస్తాయి. మునకకి మాత్రం కాదు" అని శాంతికి నెమ్మదిగా చెప్పారు. "బిరడాకీ లోపలి పొరకీ మధ్య కాస్త గాలి చిక్కుకుపోద్ది. లోతుకెళ్లేకొద్దీ నీరు బిరడాని లోపలికి నెట్టేస్తాది. ముక్కు మూసి ఊదితే పొరకి లోపలి వైపు సర్దుకుంటాది గాని, చిల్లు చీముతో మూసుకుపోయుంటే బిరడా వైపుకి గాలి రాదు. చిల్లున్న చెవిలోకి చల్లనీళ్లు ఒక్కసారి పోతే ఏది పైనో ఏది కిందో తెలీదమ్మా. చీము కారుతుంటే అసలు నదిలోకే దిగకూడదు."

శాంతి పొట్లం వెనక్కి తిప్పింది. లోతుకు మునిగేటప్పుడు వాడవద్దని చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. చదివి అక్కడే నేల మీద కూలబడిపోయింది.

"నువ్వు స్నానానికనే తెచ్చేవమ్మా. నదిలో దిగింది నేను" అన్నాడు సాల్మన్. ఆమె అలా తెచ్చిందో లేదో అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

నాలుగు నెలలకు చిల్లు పూడింది గాని వినికిడి రాలేదు. ఎడమ చెవి బాగానే ఉంది. జాగ్రత్తగా, తక్కువ లోతులో, బిరడాలు లేకుండా దిగొచ్చని పడవ వాళ్లు కబురు పంపారు. ఆ వారం ప్రార్థన అయ్యాక, మేమిద్దరం వెళ్లే మందిరం అరుగు మీద సాల్మన్ నన్ను ఆపాడు.

"ఎల్లనండి అన్నయ్యగారూ. చెవి భయం కాదు."

"మరేంటి?"

"ఆవేళ పిలిచింది మా అమ్మండి. చంటీ, చంటీ అని. ఆ పేరు తెలిసినోళ్లు ఇప్పుడెవరూ లేరు. పేర్లు నది నేర్చుకుంటాదంటారు గాని, ఆ పేరు పడవ మీద ఎవరూ అన్లేదండి." అరుగు అంచు పట్టుకున్నాడు. "భయమేయలేదండి. అదే నా భయం. అంత హాయి నేనెప్పుడూ ఎరగను. చెవి బాగున్నా సరే, మళ్లీ పిలిస్తే అటే ఎల్లిపోతాను."

చెవి దెబ్బతింటే లేని చప్పుళ్లు వినిపిస్తాయని డాక్టరుగారు అన్నారు. నిజమే అయ్యుంటుంది. నేను మాత్రం అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు సాల్మన్ కొబ్బరి కొట్టంలో కాయలు ఒలుస్తున్నాడు. ఆ పని బుచ్చిరాజే మాట్లాడి పెట్టాడు. ఆదివారం ప్రార్థనలో మేమందరం కళ్లు మూసుకుంటాం. సాల్మన్ మూసుకోడు. మూసుకుంటే నేల తిరిగి బోర్లా పడుతుందట. ఆ తరవాత, ఆవేళ పిలుపుకు ముందున్నట్టే, కాస్త నిశ్శబ్దంగా ఉంటుందట. అందుకే ముందున్న బల్లను గట్టిగా పట్టుకుని, కళ్లు తెరుచుకునే ఆమెన్ అంటాడు. పాస్టరుగారు చూస్తారు. ప్రార్థన కొంచెం తొందరగా ముగిస్తారు.