నిత్యానందం గారి దర్యాప్తు

నిత్యానందం గారు దేన్నీ నమ్మరు. గోడగడియారం పది కొడితే తన జేబుగడియారం తీసి చూసేవారు. అదీ పదే చూపిస్తే, రెండూ కూడబలుక్కున్నాయనేవారు!

ఏలూరు కాలవగట్టున బియ్యం ఎగుమతి చేసే దొరల కంపెనీలో ఆయన ఇరవై ఏళ్ళుగా హెడ్డు గుమాస్తా. కాఫీ వస్తే ముందు వాసన చూసేవారు. బాగుంటే మరీ కంగారుపడేవారు. "ఇవాళ ఇంత చిక్కగా ఎందుకిచ్చాడూ? ఏదో ఉందోయ్!"

అలాంటి మహానుభావుడి కింద జీతం లేని అప్రెంటిసుగా పడ్డాడు రాజరత్నం. కొల్లేటి ఒడ్డున మండవల్లిలో వాళ్ళమ్మ సలోమి మిషను బళ్ళో పంతులమ్మ. ఆవిడ జీతమే ఇద్దరికీ ఆధారం. జనవరి ఒకటిన ముగ్గురు అప్రెంటిసుల్లో ఒక్కణ్ణే ఉద్యోగంలో ఖాయం చేస్తారు. మిగతా ఇద్దరూ మూట సర్దుకోవాల్సిందే. అంచేత పెద్దవాళ్ళ కంట్లో పడాలి. మేనేజరు దొర కంట్లోనా, అసిస్టెంటు మేనేజరు బంగార్రాజు గారి కంట్లోనా? పాపం, అన్నం తింటూ కూడా ఇదే బేరీజు వేసేవాడు.

ఒక ఆదివారం చర్చిలో దొరకి నమస్కారం పెట్టాడు. సోమవారం ఉండబట్టలేక నిత్యానందం గారికి చెప్పేశాడు.

"దొరగారు నన్ను చూసి నవ్వారండీ!"

"నవ్వాడా? ఇరవై ఏళ్ళలో నన్ను చూసి ఒక్కసారీ నవ్వలేదే! చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నావా?"

రాజరత్నం గుర్తుచేసుకున్నాడు. పై బొత్తాం కింది కాజాలో పెట్టిన సంగతి అప్పుడు తట్టింది.

డిసెంబరులో దొరగారు కొల్లేటికి బాతుల వేటకి బయల్దేరారు. "నువ్వు కొల్లేటివాడివేగా అబ్బాయ్, నువ్వూ రా," అన్నారు బంగార్రాజు గారు. రాజరత్నం ఎగిరి గంతేసి, నిత్యానందం గారిని సెలవు అడిగాడు.

"వేటకి అప్రెంటిసెందుకోయ్?"

"పరిచయం పెరుగుతుందనండీ."

"ఎవరితో, బాతులతోనా?"

ముసలాయనకి కుళ్ళు అనుకున్నాడు రాజరత్నం. వేటకి వెళ్ళాడు. దొరా, బంగార్రాజు గారూ దోనెలో కూర్చున్నారు. రాజరత్నం పొద్దుగూకేదాకా పీకల్లోతు నీళ్ళలో నిలబడి, పడిన బాతునల్లా తెచ్చి అందించాడు. దొర ప్రతి బాతునీ శ్రద్ధగా చూశాడు గానీ, తెచ్చినవాడి ముఖం చూస్తే ఒట్టు.

తడిబట్టలతో ఇంటికి పోతే అమ్మ మరో కబురు చెప్పింది.

"నిన్న మీ హెడ్డు గుమాస్తా గారొచ్చారు నాయనా. నువ్వు చిన్నప్పుడేమైనా దొంగిలించావా అని అడిగారు."

రాజరత్నం తడిచొక్కా విప్పుతున్నవాడల్లా ఆగాడు. "నువ్వేం చెప్పావమ్మా?"

"అబద్ధమాడతానా? ఒకసారి బెల్లం ముక్క తీశాడండీ అన్నాను. రాసుకున్నారు."

"రాసుకున్నారా!"

"ఆయ్. ఎంత ముక్కో కూడా అడిగారు. అంత ఎండలో నడిచొచ్చారు కదా అని మజ్జిగిస్తే, ముందు నన్ను తాగి చూపించమన్నారు. ఆనక రెండు గ్లాసులు తాగారు."

బళ్ళో హెడ్మాస్టరునీ, చర్చిలో పాస్టరుగారినీ కూడా అడిగి వెళ్ళారట. ఇప్పుడు రాజరత్నానికి అనుమానం పట్టుకుంది. ఎవరి కోసం నా నోట్లో మన్ను కొడుతున్నాడీయన? సొంత మనిషిని తెచ్చి పెట్టుకుంటాడా? జనవరి ఒకటి దాకా ఆ పది రోజులూ నిద్ర పడితే ఒట్టు.

జనవరి ఒకటిన, కొత్త సంవత్సరపు ఆనవాయితీ ప్రకారం, అందరిలాగే నిమ్మపండు పట్టుకుని దొర బంగళా ముందు వరసలో నిలబడ్డాడు. దొర పండు అందుకుని, "పేరు?" అన్నాడు. బాతులు మోసిన మనిషని ఆనవాలే లేదు!

"రాజరత్నమండీ."

దొర చెయ్యి ఆగింది. "బెల్లం రాజరత్నమా?"

అయిపోయింది, ఇంటికి పోవడమే అనుకున్నాడు రాజరత్నం. దొర లోపలికి పిలిచి ఒక కాగితం చేతికిచ్చాడు. ముత్యాల్లాంటి నిత్యానందం గారి దస్తూరీ.

"పదకొండు నెలలుగా ఈ కుర్రవాణ్ణి అనుమానిస్తున్నాను. బడిలో, చర్చిలో, ఇంట్లో విచారించాను. ఒక్క బెల్లం ముక్క తప్ప ఏమీ దొరకలేదు. అదీ కన్నతల్లే ఒప్పుకుంది. ఇంతకంటే నమ్మదగినవాణ్ణి వెతికే ఓపిక నాకు లేదు. వీణ్ణి ఖాయం చేయగోరుతాను."

"మిగతావాళ్ళకి చాలామంది సిఫారసు చేశారు. కానీ నా సంతకాన్నే నమ్మని మనిషి నిన్ను నమ్మాడు. ఇంకేం కావాలి!" అని దొర ఖాయం కాగితం మీద సంతకం చేశాడు.

మర్నాడు ఆఫీసులో ఆ కాగితం అందుకుని నిత్యానందం గారు వెలుతురుకి పెట్టి రెండువైపులా చూశారు. రాజరత్నం కళ్ళు తుడుచుకుంటూ, "మిమ్మల్ని అపార్థం చేసుకున్నానండీ," అన్నాడు.

"మంచిపని చేశావు. అలాగే ఉండు."

ఇన్నాళ్ళూ బల్ల చివర నిలబడే రాసినవాడికి, ఆయన పక్కనే కొత్తగా కుర్చీ వేసి ఉంది. కూర్చోబోయాడు.

"ఆగు!"

నిత్యానందం గారు ముందు తానే కూర్చున్నారు. అటు ఊగారు, ఇటు ఊగారు. లేచి నాలుగు కాళ్ళూ వంగి చూశారు. ఉత్తరీయంతో దుమ్ము దులిపారు.

"ఊఁ, పరవాలేదు. ఇప్పుడు కూర్చో నాయనా."