ఖాదర్ బాషా గారి పదకొండు రేడియేటర్లు

మొన్న మా అపార్ట్‌మెంట్ మెట్ల కటకటాలకు వెండి రంగు వేశారు. సౌదీలో ఈ అల్ ఖోబర్ ఎండ సంగతి తెలిసిందే, పొద్దున తొమ్మిదింటికే ఇనుము చెయ్యి పెట్టనివ్వదు. ఆ వేడి ఇనుము మీద పచ్చి రంగు వాసన గుప్పుమనేసరికి కూరగాయల సంచీతో మెట్ల మీదే నిలబడిపోయాను. రంగు వేస్తున్న పెద్దాయన "క్యా హువా మేడమ్?" అని అడిగాడు. "చిన్న చిన్న చిల్లులేమైనా ఉంటే పూడ్చెయ్యలేదు కదా?" అన్నాను హిందీలో. కటకటాలకు చిల్లులేమిటని ఆయన నా వంక జాలిగా చూశాడు. నాకు మాత్రం నవ్వాగలేదు. ఆ వాసనతో పాటు నేను మొదట పనిచేసిన ఖమీస్ ముషైత్ చలీ, అక్కడి ఖాదర్ బాషా గారూ కళ్లముందుకొచ్చేశారు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసినా పట్టించుకుని ఉండరు. నీలం పని బట్టలు, మెడకు ఊలు మఫ్లరు, చెవి మీద పెన్సిలు, పొట్టి మనిషి.

సౌదీ అంటే ఇసుకా ఎండా అనుకుని తెనాలి నుంచి పెట్టె నిండా నూలు బట్టలు సర్దుకొచ్చిన తెలివైనదాన్ని నేను. ఖమీస్ ముషైత్ కొండల మీది ఊరని, చలికాలంలో అక్కడ పళ్లు కటకటలాడతాయని ఏజెంటు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సు ఉద్యోగం. భవనం పాతది. దాన్ని కట్టించిన మొదటి యజమాని ఏ చలిదేశంలో చూసి ముచ్చటపడ్డాడో గానీ, నేలమాళిగలో బాయిలరు, గదుల్లో కిటికీల కింద పోత ఇనుప రేడియేటర్లు ఓడలో తెప్పించి పెట్టించాడట. పక్కపక్కన నిలబెట్టిన లావుపాటి ఇనుప ముక్కల వరస అది. బాయిలరు నుంచి ఆవిరి వచ్చి అందులో నిండితే గది వెచ్చబడుతుంది. మా వార్డులో అవి పదకొండు. బాయిలరు పని, వాటి పని, అన్నీ చూసేది బాషా గారు. రాయచోటి మనిషి. ఈ దేశానికి వచ్చి అప్పటికే పాతికేళ్లు దాటింది.

నేను చేరిన వారానికే ఒక బాలింత ఉక్కపోస్తోందంటే, రేడియేటరు పక్కనున్న వాల్వును సగానికి తిప్పాను. పొయ్యి సన్నం చేసినట్టే కదా అనుకున్నాను. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, లోపల ఎవరో సుత్తి పుచ్చుకుని ఢాం ఢాం అని బాదడం మొదలుపెట్టారు. బాలింత కెవ్వుమంది, బిడ్డ కెవ్వుమంది, నేనూ దాదాపు కెవ్వుమన్నాను. బాషా గారు తాపీగా వచ్చి, వాల్వు మీద చెయ్యి వేసి, నన్ను చూశారు.

"ఎవరు మ్మా దీన్ని సగం మూసింది?"

"నేనేనండి. వేడి తగ్గుతుందని..."

"దీనికి ఒకటే దారి సిస్టరమ్మా. ఆవిరి ఆ దారెంబడే లోపలికి రావల్ల, చల్లారి నీళ్లయి మళ్లా ఆ దారెంబడే బయటికి పోవల్ల. నువ్వు వాకిలి సగం మూస్తే ఇద్దరూ గడపలో కొట్టుకుంటారు. తెరిస్తే పూరా తెరువు, మూస్తే పూరా మూయి. సగం సగం యవ్వారం దీనికాడ పనికిరాదు."

అంటూనే ఇంకో కొస దగ్గర వంగి, రేడియేటరు కాళ్ల కింద చెరో చిల్లర నాణెం దోపారు. మట్టంగా ఉంటే నీళ్లు లోపలే నిలిచిపోతాయట, కాస్త వాలుంటేనే వచ్చిన దారి పడతాయట. సుత్తి చప్పుడు ఆగిపోయింది. మన భాష వినపడ్డ సంతోషంలో నేను ఆయన్ని టీకి పిలిచాను. తెలుగు ఆడపిల్ల టీకి పిలిచిందన్న సంతోషంలో ఆయన మూడు గ్లాసులు తాగారు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే రౌండుకొచ్చేవారు, డాక్టర్లకంటే ముందు. ఒక్కో రేడియేటరు దగ్గరా ఆగి చేత్తో తడిమి చూసేవారు. వాటి చరిత్ర చెప్పమంటే చాలు, ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఎవరో ఈజిప్టు ఇంజినీరు దగ్గర పని నేర్చుకున్నారట, కథలూ అక్కడే నేర్చుకున్నట్టున్నారు.

"మొదట్లో ఇవి ఇట్లుండేవి కావు మ్మా. గోడెంబడి గొట్టాలు చుట్టలు చుట్టి పెట్టేవాళ్లంట. ఆ మీదట రేకు డబ్బాలు చేసినారు, అవి కారేవి. ఆ మీదట ఒక దిమ్మె మీద గొట్టాలు నిలబెట్టి మరలతో బిగించినారు. ఎన్ని మరలో అన్ని తంటాలు. కడాకు ఒక మహానుభావుడు ఇదో, ఇట్లా ముక్కలు ముక్కలుగా పోత పోసినాడు. పెద్ద గదికి పది ముక్కలు, చిన్న గదికి ఐదు. ఒకటి పగిలిందా, అదొకటే మార్చుకో. ఎంత సుఖం!"

"ఇదంతా ఎవరు కనిపెట్టారండి?"

"ఒకడు గాదు. ఒకనికి చలేసింటాది, ఇంకొకని ఇల్లు తడిసింటాది. ఎవని బాధ వాడు తీర్చుకుంటా పోయినారు. మనం వెచ్చగా కూర్చున్యాం."

ఆయనకు అన్నింటికంటే ప్రాణమైనది మాత్రం రేడియేటరు పక్కన బిగించిన చిన్న గాలి బిరడా. బొటనవేలంత కూడా ఉండదు. దాని కొసన సూదిమొనంత చిల్లు.

"ఆవిరి రావల్లంటే ముందు లోపలుండే గాలి బయటికి పోవల్ల. పూర్వం దీన్ని చేత్తో తిప్పాల్సి వచ్చేదంట. తెల్లారితే ఒక మనిషి గది గదికీ పోయి గాలి విడవల్ల. వాడు మర్చిపోతే ఆ గదిలో వాళ్లకు వణుకే. ఈ బుడ్డోడొచ్చినాక ఆ తిరుగుడు లేదు. గాలి పోయేదాకా నోరు తెరుచుకునుంటాడు, ఆవిరి తగలగానే మూసుకుంటాడు."

"మీకూ అలాంటిదొకటి బిగించాలండి బాషా గారూ, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, ఆ మాట బాయిలరు గదిలో అందరికీ చెప్పుకున్నారు.

ఆ వార్డులో నాకు దొరికిన సంతోషాల్లో సగం ఆ ఇనప ముక్కల చుట్టూనే దొరికాయి. పొద్దున స్స్‌మని గాలి పోవడం మొదలవగానే తల్లులు చేతులు చాపుకుని చేరేవారు. వేడి ఎన్నో ముక్కదాకా వచ్చిందో తడిమి చెప్పడం వాళ్లకొక ఆట. పసిపిల్లల మేజోళ్లు వాటి మీదే ఆరేవి. మనవణ్ణి చూడ్డానికొచ్చిన ఒక సౌదీ అవ్వ ఏకంగా తన కహ్వా కాఫీ కూజాను దాని మీద పెట్టేసి, బాషా గారికే మొదటి కప్పు పోసింది. ఆయన మందలించడానికి వచ్చి, ఖర్జూరాలు కూడా తిని వెళ్లారు.

మూడో ఏడు చలికాలం మొదట్లో ఆయన సెలవు మీద ఊరెళ్లారు. అప్పుడే ముదీర్, అంటే మా ఆసుపత్రి మేనేజరు, ఒక మాట అన్నాడు. తనిఖీ వాళ్లొస్తున్నారు, ఈ తుప్పు సామాను చూస్తే పరువు పోతుంది, అవసరమైతే అన్నీ పీకించి గోడలకు కరెంటు మిషన్లు పెట్టిస్తానన్నాడు. రేడియేటర్లు పోతే బాయిలరుతో పని లేదు, బాయిలరు లేకపోతే బాషా గారితో పని లేదు. ఖురూజ్ నిహాయీ, అంటే ఆఖరి ఎగ్జిట్ ముద్ర కొట్టి పంపించేస్తారు, ఇక తిరిగి రావడం ఉండదు. ఆయన చిన్న కూతురు అప్పుడు ఫార్మసీ చదువు మధ్యలో ఉంది. ఇంకో రెండేళ్లు నెట్టుకొస్తే గట్టెక్కుతానని ఆయన ఎన్నిసార్లు అన్నారో.

నాకు మహా గొప్ప ఉపాయం తట్టింది. తుప్పు కనబడితేనే కదా గొడవ? పెయింటర్ని పిలిచి, పదకొండింటికీ ధగధగలాడేలా వెండి రంగు వేయించాను. "ఒక్క చోటు కూడా వదలకు" అని దగ్గరుండి మరీ చెప్పాను. అతను నిజంగానే వదల్లేదు. చలి ముదిరిన రోజున బాయిలరు వెలిగిస్తే, రేడియేటర్లు అద్దాల్లా మెరుస్తూ చల్లగా కూర్చున్నాయి. బాషా గారి బదులు చూస్తున్నతను ఆవిరి పెంచాడు, ఫలితం లేదు. తల్లుల్ని, పిల్లల్ని హీటర్లున్న పై అంతస్తుకు మార్చాం. ముదీర్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ఆ బాషా రానీ. వచ్చి నాకు జవాబు చెప్పనీ. చెప్పలేకపోతే ఆ ఇనుముతో పాటు అతనూ వెళ్తాడు" అన్నాడు.

బాషా గారు విమానం దిగి నేరుగా వార్డుకొచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఓరి దేవుడా! వీటిని పెండ్లికూతుళ్లను చేసిందెవరు?"

"పెయింటర్ వేశాడండి" అన్నాను. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆయన నా మొహం ఒకసారి చూసి మరేం అడగలేదు. గొట్టం తడిమారు, వాల్వు దాకా కాలిపోతోంది. రేడియేటరు తడిమారు, మంచు. గాలి బిరడా దగ్గర వంగి కళ్లు చికిలించి చూశారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు.

"సూది ఉందా సిస్టరమ్మా? సన్నంది."

పసిపిల్లలకు వాడే సూది ఇచ్చాను. ఆయన దాంతో ఆ చిల్లులో గట్టిపడ్డ రంగును పొడిచారు. స్స్‌మంది. ఆ చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది. గాలి పోతూ ఉంటే మొదటి ముక్క వేడెక్కింది, రెండోది, మూడోది. పదకొండింటికీ పదకొండు సూదులు అందించాను. రంగు వేయించింది నేనేనని మాత్రం చెప్పలేదు. సాయంత్రానికి తల్లులు కిందికి దిగొచ్చారు.

మర్నాడు ముదీర్ మా ఇద్దర్నీ గదికి పిలిచాడు. "ఇంతకీ తప్పెవరిది?" అన్నాడు ఇంగ్లీషులో. బాషా గారు గొంతు సవరించుకుని, "సర్" అని మొదలుపెట్టారు. పెయింటర్ ఈయనకు అంతా చెప్పేసి ఉంటాడు, ఇప్పుడు నా పేరు బయటికొస్తుంది అనుకున్నాను. ఆయన నోట విని దొరికిపోయేకంటే నేనే చెప్పుకోవడం నయమని, ఆయన మాటకు అడ్డం పడ్డాను.

"నేనే వేయించాను సర్. గాలి పోయే చిల్లులు మూసుకుపోతాయని నాకు తెలియదు. అవి బాగా కనబడితే ఈయన ఉద్యోగం ఉంటుందనుకున్నాను."

ముదీర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు! "ఒక మనిషి ఉద్యోగం కాపాడ్డానికి వార్డంతా చల్లబెట్టావా?" అన్నాడు. లేచి మాతో పాటు వార్డుకొచ్చి, రేడియేటరు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కున్నాడు. "ఉండనివ్వండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు గంతులేయాలనిపించింది. బాషా గారు మాత్రం ఇంకో ఫిర్యాదు తీశారు. వెండి రంగు వేడిని సరిగా బయటికి పోనివ్వదట. గోకక్కర్లేదు, కింద ఏ రంగున్నా ఫర్వాలేదు, పై పూత మామూలు రంగైతే చాలట. ఆ శుక్రవారం నేనూ ఇద్దరు కేరళ నర్సులూ ముక్కుకు మాస్కులు కట్టుకుని పదకొండింటికీ కాఫీ రంగు వేశాం. బిరడాలకు బాషా గారు తన చేత్తో గుడ్డ పీలికలు చుట్టి, పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

కూతురి చదువయ్యాక ఆయన తన ఇష్టంతోనే వెళ్లిపోయారు. వీడ్కోలుకు బిరియానీ చేశాను, ఉప్పు తక్కువైందని చెప్పి మరీ తిన్నారు. ఆయన చోట రఫీక్ అనే పెషావర్ మనిషి వచ్చాడు. వచ్చిన వారానికి బాయిలరు గదిలో దొరికిందని ఒక లావుపాటి నోటుబుక్కు నా దగ్గరికి తెచ్చాడు. అంతా తెలుగు, అతనికి ఒక్క ముక్క అర్థం కాదు. నేను టీ పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని హిందీలో చదివి చెప్పాను. ప్రతి రేడియేటరు గురించీ తేదీలు వేసి రాసుకున్నారు. "నాలుగోది సోమరి. ఇరవై నిమిషాలు ఓపిక పట్టవల్ల." "తొమ్మిదోది మంచిది, దాని జోలికి పోవద్దు." రఫీక్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

వెండి రంగు రోజు దగ్గరికొచ్చేసరికి నేను ఆగాను. అక్కడ కొన్ని వాక్యాల్ని అడ్డగీత పెట్టి కొట్టేశారు. కొట్టేసినా అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. "గాలి బిరడాలు రంగుతో మూసుకున్యాయి. పోయేముందు మూతలు కట్టి పోవాల్సింది, నేను కట్టలేదు. తప్పు నాది. రేపు ముదీర్‌కు ఇదే చెప్తా." వాటి కింద వేరే సిరాతో ఇంకో మాట ఉంది. "సిస్టరమ్మ నాకంటే ముందు చెప్పేసింది. ధైర్యం గల బిడ్డ."

"కొట్టేసినదాంట్లో ఏముంది?" అన్నాడు రఫీక్. అదీ చదివాను. నీళ్లు తాగి మళ్లీ చదివాను. కూతురి చదువు సగంలో ఉన్న మనిషి నా తప్పు నెత్తినేసుకుని ఇంటికి పోవడానికి సిద్ధపడి ఆ గదిలో నిలబడ్డాడు. నేనేమో ఆయన నన్ను పట్టిస్తారని భయపడి నోరు తెరిచాను. అది ధైర్యమని ఆయన నమ్మారు, రాసిపెట్టారు, ఇంకా నమ్ముతూనే ఉన్నారు. ఇప్పుడు ఇక్కడ అల్ ఖోబర్ ఆసుపత్రిలో నా కింద నలభై మంది నర్సులున్నారు, నా తప్పుల వల్ల ఎవరో ఒకరు మాట పడే రోజులు వస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు నేనే ముందు లేచి నిలబడతాను. నేను మంచిదాన్నని కాదు. బాషా గారు రాసింది అబద్ధం కాకూడదని.