తలుపు కొట్టిన చోట ఆగిన గొంతు

మొన్న మంగళవారం పొద్దున మిరప కల్లంలో కాయల గుట్ట ముందు కూర్చున్నామో లేదో, టీచరు గారు పోయారని కబురొచ్చింది. మా చేతులు మాత్రం కాసేపు తొడిమలు తీస్తూనే ఉన్నాయి. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఫోను తీసి ఆవిడ గొంతు అందులో ఉందో లేదో చూసుకున్నాను.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కూడబలుక్కుని చదువుతాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే నాలుగు రోజులు పట్టింది. టీచరు గారు మా పక్కింటావిడ. రిటైరయ్యాక, కాయలు దిగే రోజుల్లో మా కల్లానికి వచ్చి, తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చుని నవలలు చదివి వినిపించేవారు. "చేతులకు పని ఉంది సరే, చెవులు ఖాళీయేగా" అనేవారు. పేజీ తిప్పినప్పుడల్లా "తిప్పుతున్నా, ఒళ్లు దులుపుకోండి" అని కేకేసేవారు. మేం ఊరుకునేవాళ్లమా?

"ఆ తాగుబోతు సచ్చినోడు ఇంకా పోలేదా టీచరు గారూ?" అనేది ఒకామె.

"నేను రాశానటే? ముప్పై పేజీలు ఓపిక పట్టు, పోతాడు."

కారం ఘాటుకు ఆవిడకు దగ్గు పట్టుకుంది. కల్లానికి రావద్దని రెండేళ్ల కిందట నేనే గోల పెట్టాను. ఇంట్లోనే కూర్చుని ఫోనులో చదివి పంపమని ఆవిడ కూతురు నేర్పింది. అప్పట్నించి రోజుకో భాగం నా ఫోనుకు వచ్చేది. అదే డబ్బా మీద ఫోను పెట్టి వినేవాళ్లం.

నాకు అప్పుడూ దిగులే. పూర్వం మా చర్చిలో బైబిలు చదివిన క్యాసెట్ ఒకటి ఉండేది. చదువు రానివాళ్లమంతా ఆదివారం మధ్యాహ్నం దాని చుట్టూ చేరేవాళ్లం. టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పేవాళ్లు. విని విని చివరికి ఆ గొంతు ఈడ్చుకుపోయింది, ఒక్క ముక్కా తెలిసేది కాదు. అందుకని టీచరు గారు పంపిన భాగాన్ని ఒకసారికి మించి పెట్టనిచ్చేదాన్ని కాదు.

"పిచ్చిదానా, ఇది అరగదే" అని ఆవిడ నవ్వారు.

"అరగదు సరే, పోతే?" అన్నాను.

మా కోడలు గుంటూరులో ఉద్యోగానికి వెళ్తుంది. "ఇప్పుడు బస్సులో సగం మంది చెవుల్లో పుస్తకాలే నడుస్తున్నాయి అత్తయ్యా" అని చెప్పింది. ఆ మాట చేరవేస్తే టీచరు గారు మురిసిపోయారు. "చూశావా, మన కల్లం బస్సెక్కింది!"

చివరి నవల, తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ తిరిగే తల్లి కథ. పోయిన ఆదివారం నేను జావ పట్టుకెళ్లేసరికి ఆవిడ దిండుకు ఆనుకుని ఫోనులోకి చదువుతున్నారు. ఊరూరూ తిరిగిన తల్లి ఆఖరికి ఆ ఇల్లు కనుక్కుంది. తలుపు కొట్టింది. అక్కడ టీచరు గారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నేను చూడలేక ఆపించాను. ఇంకా నాలుగు పేజీలే ఉన్నాయి. మర్నాడు ఆవిడ మంచం దిగలేదు. ఆ మర్నాడు లేనేలేరు.

ఆ నాలుగు పేజీలూ చదవనిచ్చి ఉంటే ఆవిడ తృప్తిగా పోయేవారా? ఇదే ఆలోచన.

ఆ నవలే ఇంకో అమ్మాయి గొంతుతో ఫోనులో దొరికిందని కోడలు పెట్టింది. ఆ అమ్మాయి చక్కగా చదివింది. ఎక్కడా తడబడలేదు, ఒక్క దగ్గు లేదు. పేజీ తిప్పేటప్పుడు మమ్మల్ని దులుపుకోమనలేదు. కథ తలుపు దగ్గరికి వచ్చేసరికి పక్కనున్నామె "ఆపెయ్యవే తల్లీ" అంది. ఆపేశాను.

ఇప్పుడు టీచరు గారి ఆఖరి భాగమే రోజూ పెడుతున్నాను. అరిగితే అరగనీ. తల్లి తలుపు కొడుతుంది. దగ్గు వస్తుంది. ఆ తర్వాత వచ్చేది నా గొంతు. అది రాకముందే ఆపుదామని వేలు పెడతాను. తొడిమలు తీసి తీసి మొద్దుబారిన నా వేలిని ఫోను అద్దం ఒక పట్టాన గుర్తుపట్టదు.

"ఇక చాలు, ఆపండి టీచరు గారూ" అంటాను నేను.

"సరేలే, తలుపు రేపు తీద్దాం" అంటారావిడ.

పుస్తకం మూసిన చప్పుడవుతుంది. నూనె డబ్బా మీద ఫోను వెలుగు ఆరిపోతుంది. అందరం తలలు వంచుకుని, మళ్లీ తలా ఒక కాయ చేతిలోకి తీసుకుంటాం.