కోర్టు విడిచిన బర్రె

ఆ రోజుల్లో మా జనగామ వైపు ఊళ్లలో న్యాయానికి కొరత లేదు, ఎక్కువై చచ్చాం. గడీలో దొర తీర్పు ఒకటి, దొర పారిపోయాక కమ్యూనిస్టుల సంఘం తీర్పు ఒకటి, భారత యూనియన్ మిలట్రీ వచ్చాక కోర్టు తీర్పు మరొకటి. వీటన్నిటికీ కలిపి మా మేనత్త బర్రె ఒక్కటే. రజాకార్ల దాడికి ఊరంతా పారిపోయినప్పుడు పశువులూ చెదిరిపోయాయి. తిరిగొచ్చాక ఆ బర్రె నాదంటే నాదని అత్తా, పక్కింటి మీసాలాయనా కొట్లాటకు దిగారు. అడవికి పోయిన మామ తిరిగి రాలేదు. అత్తకు ఆ పాడి తప్ప బతుకుదెరువు లేదు. సంఘం వాళ్లు మా ఊరి పాత పద్ధతే పాటించారు: బర్రెను వాడ నడుమ విడిచిపెడతారు, అది ఎవరి కొట్టానికి పోతే వాళ్లది. అది నేరుగా అత్త కొట్టంలో దూరింది.

మిలట్రీ రాగానే మీసాలాయన కోర్టుకెక్కాడు. అత్త నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది (నేనప్పుడే జనగామ కోర్టులో నకళ్లు రాసే పనిలో చేరి, చట్టమంతా నా కలం కొనలో ఉందనుకుంటున్నాను).

"గెలిచిన బర్రెకు మళ్ల కోర్టేంది అల్లుడా?"

"సంఘం తీర్పని అనకత్తా, బర్రె కంటె ముందు నిన్ను లోపలేస్తరు."

"మరేమనాలె?"

"ఏమనకు. నేను జూస్త."

నేను చూసిందిది: వకీలు చేత ఆ ఊరి పద్ధతినే కోర్టు ముందు పెట్టించాను. పెద్దమనుషులు బర్రెను విడవాలి, కోర్టు తరఫున అమీను దగ్గరుండి చూడాలి, కోర్టు ముద్ర వేయాలి. జడ్జిగారు ముచ్చటపడి ఒప్పుకున్నారు. ఏ కొట్టానికి పోతే ఆ కొట్టం వాళ్లదేనని ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించారు. అందాకా ఎవరి దగ్గరా ఉండకూడదు కనుక, దారితప్పిన పశువులను కట్టేసే సర్కారు బందెలదొడ్డిలో ఉంచమన్నారు. ఇక వాయిదాలు మొదలయ్యాయి. వానలు పోయాయి, చలి పోయింది. అత్త రోజూ దొడ్డి గోడ మీదుగా పచ్చగడ్డి వేస్తూనే ఉంది (అదే కొంప ముంచిందని ఇప్పటికీ నా అనుమానం).

చివరికి బర్రెను వాడ నడుమ విడిచారు. "రాయే నా తల్లీ, రాయే" అని అత్త పిలిచింది. మీసాలాయన తౌడు బుట్ట చూపించాడు. బర్రె ఇద్దరినీ చూసింది. తీరిగ్గా వెనక్కి తిరిగి, వాడ దాటి, బందెలదొడ్డి ముందు నిలబడి తలుపు తీయమని అరిచింది.

ఎవరూ నవ్వలేదు. "వేలిముద్రలున్నయి గద. సర్కారు కొట్టంకు పోయింది, సర్కారుదే" అన్నాడు అమీను. మీసాలాయన పోలీసులున్నారేమోనని అటూ ఇటూ చూసి, "సంఘపోళ్లు సక్కగనే జెప్పిన్రు చెల్లె" అని గొణిగాడు. "గప్పుడే అనకపోతివి అన్నా" అంది అత్త. తర్వాత నా వైపు తిరిగింది. "అల్లుడా, గిప్పుడేమనాలె?"

బర్రె వేలంలో జఫర్‌గఢ్ పోయింది. అత్త నాట్ల కూలికి పోయింది. తీర్పు నకలు నేనే రాశాను. దస్తూరి బాగుందని జడ్జిగారు మెచ్చుకున్నారు.

మొన్న మా ఊళ్లో ఒక కుర్ర వకీలు, ఊరి పంచాయితీనీ కోర్టునూ కలిపితే పేదలకు మేలని ఉపన్యసించాడు. అచ్చం నా మాటలే, నా ఉత్సాహమే, ముద్దొచ్చాడు. "అందాకా బర్రెను ఎక్కడ కట్టేస్తావు బిడ్డా?" అని అడుగుదామని లేచాను. ఏమనకుండా చప్పట్లు కొట్టి కూర్చున్నాను.