నొక్కగానే ఊపిరి బిగబట్టే మాస్టారు

కార్లకు రంగు కొట్టే షెడ్డులో ఆయన్ని అందరూ గన్ను మాస్టారు అంటారు. రంగు చిమ్మే గన్ను చేతికొస్తే ఆయన ముందు ఎవరూ పనికిరారు మరి! సొట్టపోయి, గీతలు పడి, చూస్తేనే ఏడుపొచ్చే తలుపును సాయంత్రానికి అద్దంలా చేసి పెడతాడు. అలాంటి మనిషికి రెండేళ్లుగా ఉబ్బసం పట్టుకుంది. పీల్చే మందు ఇచ్చారు. తగ్గలేదు. మోతాదు పెంచారు. ఊహూఁ! ఆఖరికి డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది: "ఈసారి ఊదుడు పరీక్షలో అంకె పెరగకపోతే షెడ్డు మానెయ్యాల్సిందే."

ముప్పై ఏళ్ల పని! అది మానేసి ఆయనేం చేస్తాడు, ఇంట్లో కూర్చుని కిటికీ ఊచలు లెక్కపెడతాడా?

పరీక్ష రోజు రానే వచ్చింది. గొట్టంలోకి శక్తికొద్దీ ఊదాడు. రెండొందల పది. పోయినసారీ అంతే. అంటే షెడ్డు పోయినట్టే!

"మందు సరిగ్గా వాడుతున్నారా బాబాయ్?" అంది కొత్తగా చేరిన నర్సు.

"రెండు పూటలా వాడుతున్నానమ్మా. ఒట్టు!"

"నమ్ముతాను లెండి. ఒక్కసారి నా ముందు పీల్చి చూపించండి."

ఆయనకు ఒళ్లు మండింది. ఈ వేలెడంత పిల్లకు తాను పరీక్ష ఇవ్వాలా! విసురుగా మందు డబ్బా తీసి, ఊపి, నోట్లో పెట్టుకుని నొక్కాడు. మందంతా పెదాల సందులోంచి పొగలా బయటికొచ్చేసింది.

నర్సు ఎగిరి గంతేసినంత పని చేసింది. "బాబాయ్! నొక్కగానే ఊపిరి బిగబట్టేశారేంటి?"

"బిగబట్టక మరి? గన్ను నొక్కి ఊపిరి పీలిస్తే ఇంకేమైనా ఉందా, రంగంతా లోపలికే! మా గురువు మొదటి రోజే మొట్టికాయ వేసి మరీ నేర్పాడు..."

తన మాట తనకే వినబడి నోరు తెరిచాడు మాస్టారు. రెండేళ్లు! ఆ వైద్యమంతా నాలుక మీదే ఆగిపోయిందన్నమాట. చీటీలో 'పీల్చాలి' అని రాసే ఉంది, ఆయన చదివాడు కూడా. కానీ ఎలా పీలుస్తున్నావో చూపించమని ఇన్నాళ్లూ ఒక్కరంటే ఒక్కరు అడగలేదు!

"ముందు మెల్లగా పీల్చడం మొదలుపెట్టి, అప్పుడు నొక్కండి. పీలుస్తూనే ఉండండి. ఛాతీ నిండాకే బిగబట్టాలి," అని నర్సు ఖాళీ డబ్బా చేతికిచ్చింది. వేలు నొక్కడం, ఊపిరి ఆగడం. మళ్లీ అంతే! ముప్పై ఏళ్ల అలవాటు ఊరికే వదులుతుందా? నాలుగోసారికి లొంగింది. అప్పుడు అసలు మందు ఇచ్చింది. చల్లగా లోపలికి దిగింది. పావుగంట ఆగి ఊదమంది.

మూడొందల ముప్పై!

"ఎక్కడో పొరపాటు జరిగుంటుందమ్మా," అని మళ్లీ ఊదాడు. మూడొందల నలభై! నర్సు చప్పట్లు కొట్టింది. ఆ గోలకి డాక్టరమ్మ బయటికొచ్చి, సంగతి విని, తల పట్టుకుంది.

"ఇన్నాళ్లూ అడక్కపోవడం మా తప్పే. షెడ్డు మానక్కర్లేదు, నెల్లాళ్లు చూద్దాం. కానీ మూతికి గుడ్డ కట్టుకుంటే కుదరదు, మంచి గాలి అందించే గొట్టమున్న మాస్కు లేనిదే గన్ను ముట్టుకోవద్దు."

మాస్టారు ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి భార్యకు ఫోను చేశాడు. "ఒసేయ్, వింటున్నావా, ఇన్నాళ్లూ నేను మందు పీల్చలేదే, నాలుక్కి రంగు కొట్టుకున్నాను, ఈ పిల్ల భలే పట్టేసింది, మూడొందల నలభై ఊదాను, డాక్టరమ్మ షెడ్డు మానక్కర్లేదంది, రేపే మాస్కు కొనాలి..."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏంటే, ఏడుస్తున్నావా?"

"మధ్యలో ఊపిరి కోసం ఒక్కసారి కూడా ఆగలేదండీ మీరు," అంది ఆవిడ. "ఇలా విని రెండేళ్లయింది. ఇంకాసేపు మాట్లాడండి."