కాఫీ మరలో గుప్పెడు బియ్యం

వస్తువు పాడుచేయని మనిషినని నాకు పేరు. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇత్తడి ఫిల్టరులోనే ఈనాటికీ డికాక్షన్ వేస్తాను. మూతకి సొట్ట పడితే నేనే కొట్టి సరిచేసుకున్నాను. ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారితే చాలు, "ఏ వస్తువూ నిలవదు నీ చేతిలో" అని నా నోట వచ్చేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి. నేను రాయబోయే సిగ్గంతా దీని చుట్టూనే ఉంది. మూడో తరగతితో చదువు మానేసినదాన్ని, రాత వంకరగా ఉంటుంది. కానీ ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది అందువల్ల కాదు.

తెనాలిలో మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, కొడుకు, కోడలు. కోడలు బాపట్లలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే రైలు అందుకోవాలి. ఎక్కేముందు గ్లాసుడు కాఫీ పడకపోతే ఆ పిల్లకి రోజు మొదలవదు. రేపల్లెలో వాళ్లమ్మ పెట్టిన అలవాటు అది. ఆవిడ ఒంటరిగా ఉంటారు. రోజూ రెండు చెంచాల గింజలు చేతిమరలో తిప్పుకుని, అప్పటికప్పుడు ఆడిన పొడితోనే కాఫీ కలుపుకుంటారు. ఇంకే సరదా ఎరగని మనిషి.

మా పాత చేతిమర అరిగిపోతే ఈసారి కరెంటుది కొందామంది కోడలు. నేను లేకపోతే ఏదో ఒకటి అంటగడతారని నేనూ బయల్దేరాను. కొట్టువాడు రెండు రకాలు చూపించాడు. చిన్నదాంట్లో అడుగున బ్లేడు ఉంది, మిక్సీలాగా. నేను దాన్నే పట్టుకున్నాను. కోడలు మాత్రం పెద్దదాన్ని వదల్లేదు.

"ఒకసారి లోపల చూడండి అత్తయ్యా" అంది. కొట్టువాడు పైభాగం విప్పాడు. పళ్లున్న రెండు ఇనుప చక్రాలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. పైది కదలదు, కిందది తిరుగుతుంది. గింజ మధ్యలో పడి నలుగుతుంది.

"ఓసి, ఇది తిరగలే కదే!" అన్నాను. కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

రోట్లో దంచినదానికీ తిరగట్లో విసిరినదానికీ తేడా నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దంచితే కొంత పలుకు, కొంత దుమ్ము. విసిరితే అంతా ఒకటే తీరు. ఇక నేను అడ్డు చెప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం రెండు రోజులు అవస్థపడ్డాం. పొడి మరీ మెత్తగా పడి ఫిల్టరులోంచి చుక్క దిగలేదు, కోడలికి రైలు తప్పింది. మర్నాడు రవ్వలా పడి కాఫీ నీళ్లలా ఉంది. చివరికి మర చుట్టూ ఉన్న అంకెల్లో సరైనది దొరికితే, దాని పక్కన కోడలు గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. పొడి వేడెక్కకుండా పడుతుందని, అందుకే వాసన పోదని కూడా చెప్పింది. ఆ తర్వాత ఇంకో మాట అంది.

"ఇందులో కాఫీ గింజలు తప్ప ఇంకేమీ వేయకండి అత్తయ్యా."

పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది అనుకున్నాను. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

వేసవి వచ్చింది. ఆవకాయకి ముక్కలు కొట్టించాను, ఆవాలు ఎండబెట్టాను. ఏటా రోట్లోనే దంచేదాన్ని. ఈసారి భుజం ఎత్తితే ప్రాణం పోతోంది. మిక్సీలో వేస్తే ఆవపిండి వేడెక్కి చేదెక్కుతుంది. అప్పుడు కోడలి మాట గుర్తొచ్చింది, వేడెక్కదని. అంత ఖరీదు వస్తువు పొద్దున ఒక్క నిమిషం తిరిగి రోజంతా ఊరికే కూర్చోవడం నాకు మొదటినుంచీ కంటగింపే. ఇంట్లో ఎవరూ లేరు. ఆవాలు పోశాను.

పిండి దివ్యంగా వచ్చింది. ఘాటుకి కళ్లు నీళ్లు తిరిగాయి.

అక్కడితో ఆపినా బాగుండేది. తిరగట్లో ఘాటు సరుకు విసిరాక గుప్పెడు బియ్యం వేసి నాలుగు చుట్లు తిప్పడం మా అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. కారం ఆడించాక పిండిమరలోనూ అంతే. బియ్యం ఆ వాసనంతా లాగేసుకుంటుంది. తిరగలే కదా అని ఇందులోనూ గుప్పెడు బియ్యం పోశాను. మర ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. వైరు పీకేసి, పైపైన తుడిచి, ఎప్పట్లాగే గుడ్డ కప్పేశాను.

మర్నాడు పొద్దున కోడలు స్విచ్చి వేస్తే గుర్రుమంది. "నిన్న బాగానే ఉందే" అంది.

"నిన్న ఆడించింది నువ్వేగా? గింజల్లో రాయి ఏదైనా పడిందేమో" అన్నాను.

నిన్న పొద్దున ఆడించింది తనే. మాటలో అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను నా జన్మలో ఆడలేదు.

కొడుకు గదిలోంచి వచ్చి కోడలి మీద విరుచుకుపడ్డాడు. "ఏ వస్తువూ నిలవదు నీ చేతిలో! కొని ఏడాదన్నా కాలేదు" అన్నాడు. ఆ పిల్ల కాఫీ తాగకుండానే రైలుకి వెళ్లిపోయింది. ఆ వారమంతా వాడు ఏదో వంకన ఆ మాట ఎత్తుతూనే ఉన్నాడు. నేను వింటూనే ఉన్నాను. కొత్తావకాయ మాత్రం వేలు నాకి మరీ తిన్నాడు.

అంతటితో ఊరుకున్నానా? వియ్యపురాలు రేపల్లె నుంచి ఫోను చేస్తే, "మీ అమ్మాయికి వస్తువు విలువ తెలీదు వదినగారూ" అన్నాను. అబద్ధాన్ని ఒకచోట నిలబెట్టాక దానికి గోడ కట్టుకుంటూ పోవాలి కాబోలు. ఆవిడ "అయ్యో" అని ఊరుకున్నారు.

నాలుగో రోజున రేపల్లె బండిలో వచ్చిన తెలిసినామె ఒక మూట దించింది. విప్పితే వియ్యపురాలి చేతిమర. పిడి నున్నగా అరిగి ఉంది. "మా పిల్ల మొరటుగా వాడి ఉంటుంది, వదినగారు ఏమనుకోవద్దు, ఇది గట్టిది, వాడుకోమనండి" అని చెప్పి పంపారట. కోడలు ఆ పిడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. ఆ మరలో ఒక్క గింజ కూడా వేయలేదు.

ఆదివారం కోడలు పాడైన మరని రిపేరు కొట్టుకి తీసుకెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. వాడు ఏమంటాడోనని భయం. వాడు మా ముందే విప్పి బల్ల మీద బోర్లించాడు. ముద్దలు కట్టిన పసుప్పచ్చ పిండి, విరిగిన బియ్యం రాలాయి.

"ఏంటమ్మా ఇది, కాఫీ మరా, పచ్చళ్ల మరా?" అని నవ్వాడు. "బియ్యం ఎవరేశారండి ఇందులో? చక్రం పళ్లు విరిగాయి చూడండి. మామ్మగారూ, మీరైనా చెప్పొద్దూ కోడలుగారికి?"

కోడలు నావైపు చూడలేదు.

"నేనేలెండి. తెలీక వేశాను" అంది వాడితో.

ఇంటికొచ్చేదాకా ఆటోలో మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా అడగలేదు. తిట్టినా, నిలదీసినా బాగుండేది. నాకు అన్నం వడ్డించి, మజ్జిగ పోసి, కాలేజీ పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది.

మర్నాడే ఆ చేతిమరని సంచిలో పెట్టుకుని రేపల్లె బండెక్కాను. ఎవరింటికీ ఉత్తచేతులతో వెళ్లే అలవాటు లేదు. ఆవకాయ జాడీ దాకా వెళ్లి వెనక్కి వచ్చి, కాఫీ గింజలు పొట్లం కట్టుకున్నాను. ఏమని మొదలుపెట్టాలో వేమూరు దాటేదాకా కూడబలుక్కున్నాను. భట్టిప్రోలు వచ్చేసరికి అన్నీ మర్చిపోయాను.

వియ్యపురాలు టీ ఇచ్చారు. "కాఫీ మానేశాను వదినగారూ, వేడి చేస్తోంది" అన్నారు. మర నా సంచిలో ఉంది, ఆవిడకి వేడి చేస్తోంది! టీ పక్కకి జరిపాను. మర తీసి ఆవిడ ముందు పెట్టి, ఆవాల దగ్గర్నుంచి అంతా చెప్పాను.

ఆవిడ పిడిని ఒకసారి తడిమి చూశారు.

"ఆవకాయ బాగా కుదిరిందా?" అన్నారు.

"కుదిరింది."

"కుదరకేం! నా కూతురి పరువు కలిపారుగా అందులో" అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ కళ్లు నవ్వలేదు. "నాకు చెప్పారు, సరే. మీ అబ్బాయికి చెప్పారా?"

లేదన్నాను. ఆవిడ నేను తెచ్చిన గింజలు మరలో పోసి తిప్పడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు ఆగకముందే లేచి స్టేషనుకి వచ్చేశాను.

ఆ మర్నాడు పొద్దున కొట్టుపొడితో కలిపిన కాఫీ తాగుతూ కొడుకు మళ్లీ మొదలుపెట్టాడు. "మంచి మర ఉంటే ఈ గతి పట్టేది కాదు" అన్నాడు. కోడలు టిఫిను డబ్బా సర్దుకుంటోంది.

"మర పాడుచేసింది నేనురా" అన్నాను. "ఆవాలు ఆడించి, బియ్యం పోశాను. దానికేం సంబంధం లేదు."

వాడు నన్ను చూసి పకపకా నవ్వాడు. "నువ్వా అమ్మా! అంతేనా! పోనీలే, చక్రాలు మార్పించుకుంటే సరి."

కోడలి చేతిలో డబ్బా మూత చప్పుడైంది. మర పాడుచేసింది ఎవరో తెలిసినప్పుడు కూడా చలించని పిల్ల, ఆ నవ్వు విని పెరట్లోకి వెళ్లిపోయింది.

"నవ్వకు" అన్నాను. "వారం రోజులు దాన్నన్న మాటలున్నాయి చూడు, అవి ఇప్పుడు నన్ను అను."

"నిన్నెలా అంటానమ్మా?"

"మరి దాన్నెలా అన్నావు?"

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. వాడు ఏమని చెబుతాడు? ఆ మాటలు వాడికి నేర్పింది నేనే. లేచి పెరట్లోకి వెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఆ రోజు కోడలికి బాపట్ల రైలు తప్పింది.